సూదికీ ముద్దకీ నడుమ

నర్సు ఉద్యోగం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళలో నర్సులు చాలా తక్కువ. నేను రిటైరైన రోజు ఒక పెద్దమనిషి శాలువా కప్పి నన్ను తల్లి అన్నాడు, కొవ్వొత్తి అన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. వార్డుకు ఒక బకెట్ కావాలని నేను అడిగినప్పుడల్లా "చూద్దాం లెండి" అన్న మనిషి ఆయనే. కొవ్వొత్తి అంటే వాళ్ళకు ఎందుకంత ఇష్టమో నాకు తెలుసు. అది కరిగిపోతుంది కానీ బకెట్ అడగదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలూ మగపిల్లలూ చదువుతారని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి ఎవరికీ అక్కర్లేదు. షుగర్ రోగులను చూసుకోవడానికి మాకు ఏం నేర్పారో, ఏం నేర్పలేదో, నేర్పని దానివల్ల ఒక పిల్ల ప్రాణం ఎలా గాల్లో దీపమైందో చెబుతాను. మా దవాఖానా భద్రాచలం వైపు అడవి అంచున ఉండేది. పేరు రాయను. అలాంటివి అప్పట్లో చాలా ఉండేవి, ఇప్పుడు మాత్రం లేవని ఎవరు చెప్పగలరు?

కార్న్‌ఫ్లేక్స్ పాఠం

నేను మధిర దగ్గరి పల్లెటూరి దాన్ని. డెబ్బైల్లో నర్సు ట్రైనింగ్ చేశాను. షుగర్ జబ్బు పాఠం మాకు మధ్యాహ్నం భోజనం తర్వాత చెప్పారు, అంటే సగంమంది నిద్రలో విన్నారు. మేడం నోట్సు చెప్పేది, మేం రాసుకునేవాళ్ళం. షుగర్ రోగి పొద్దున ఏం తినాలి? రెండు టోస్టులు, కార్న్‌ఫ్లేక్స్, వెన్న తీసిన పాలు, ఉడకబెట్టిన గుడ్డు. కార్న్‌ఫ్లేక్స్ అంటే ఏంటి మేడం అని ఒకమ్మాయి లేచి అడిగితే, "పరీక్షలో రాస్తే చాలు, కూర్చో" అంది. ఆవిడకూ తెలియదని మాకు అప్పుడే అర్థమైంది.

ఆ పాఠం మోసుకుని నేను జొన్న గటకా, అంబలీ తాగే మనుషుల మధ్యకు ఉద్యోగానికి వచ్చాను.

మూత్ర పరీక్ష ఒకటి బాగా నేర్పారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. రంగు మారకపోతే షుగర్ లేనట్టు, ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు, ఇటుక రంగు తిరిగితే చాలా ఉన్నట్టు. పని కష్టం కాదు, కానీ ఆ వాసన భరించడం కష్టం. అందుకని మావాళ్ళు కొందరు దీపం వెలిగించకుండానే ఆకుపచ్చ అని రాసేవాళ్ళు. ఆకుపచ్చ అయితే డాక్టర్ ఏమీ అడగడు, డోసు మార్చడు, అందరికీ సుఖం. ఒక వేసవి అంతా మా వార్డులో అందరి మూత్రమూ ఆకుపచ్చే. రౌండ్స్‌లో అది చూసి డాక్టర్ "గుడ్ కంట్రోల్" అని మెచ్చుకున్నాడు. నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అయ్యాక మొదట చేసిన పని, నా కళ్ళముందే దీపం వెలిగించమనడం. దాంతో నాకు గయ్యాళి అని పేరొచ్చింది. ఆ పేరు చివరిదాకా నిలబెట్టుకున్నాను.

సూది ఎవరి డ్యూటీ

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇన్సులిన్ సూది ఇచ్చిన అరగంటలో రోగి కడుపులో ఏదో ఒకటి పడాలి. పడకపోతే ఒంట్లో ఉన్న కాస్త చక్కెరనూ ఆ మందు దించేస్తుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మనిషి అయోమయంగా ప్రవర్తిస్తాడు, తర్వాత స్పృహ పోతుంది. అప్పటికీ ఎవరూ చూడకపోతే ప్రాణం పోతుంది. ఇది పుస్తకంలో ఉంది. మేమందరం రాసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం.

మా వార్డులో జరిగేది ఇది. పొద్దుటి సూదులు నైట్ డ్యూటీ నర్సు పని. డే డ్యూటీ వాళ్ళు వచ్చేలోపల ఆమె అన్నీ ముగించాలి, ఒక్కటి మిగిలినా "నీ పని మాకు అంటగట్టి పోతున్నవా" అని గొడవ. అందుకని తెల్లవారగానే గబగబా అందరికీ పొడిచేసేది. రోగులకు ఇచ్చే రొట్టె, పాలు కాంట్రాక్టరు పంపేవాడు. అవి పాల్వంచ నుంచి బస్సులో రావాలి. బస్సు సమయానికి వస్తే ఒక వేళకు, రాకపోతే ఇంకో వేళకు. సూది నైట్ డ్యూటీ టైం ప్రకారం నడిచేది, రొట్టె బస్సు ప్రకారం నడిచేది. ఈ రెండింటికీ సంబంధం ఉందన్న ఆలోచన అంత పెద్ద దవాఖానాలో ఒక్క బుర్రకూ తట్టలేదు.

ఊళ్ళో బంధువులున్న రోగులకు ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది, వాళ్ళు తిని కూర్చునేవాళ్ళు. అడవి గూడేల నుంచి వచ్చినవాళ్ళకు ఎవరున్నారు? వాళ్ళవాళ్ళు దవాఖానా వెనక రేకుల కింద మూడు రాళ్ళు పెట్టి, కట్టెలు ఏరుకొచ్చి, బియ్యం ఉడికించేవాళ్ళు. వానాకాలం కట్టెలు తడిసి మంట అంటుకునేది కాదు. అందువల్ల పొద్దున పూట చెమటలు పట్టి తూలిపడేవాళ్ళు ఎప్పుడూ గూడెంవాళ్ళే.

మన చదువుకున్నవాళ్ళు దీనికి తేల్చిన కారణం వింటే మీకు నవ్వొస్తుందో ఏడుపొస్తుందో నాకు తెలియదు. ఇప్ప సారా! "వీళ్ళంతే, బయటికి వెళ్ళి తాగొస్తారు" అనేవాడు సూపరింటెండెంట్. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టర్, మంచి చదువు, ఇస్త్రీ నలగని చొక్కా. గూడెం మనిషి తూలితే ఆయనకు సారా తప్ప ఇంకేం తట్టేది కాదు. నోటి వాసన చూడమని నేనంటే ఆయనకు అసహ్యం. రోగి నోటి దగ్గరికి ముక్కు పెట్టలేని వాళ్ళు డాక్టర్లెందుకు అవుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బ్యాగుతో తిరిగొచ్చిన ప్రమీల

ఎనభైల్లో ఒకసారి పట్నంలో షుగర్ వ్యాధి మీద నర్సులకు ప్రత్యేక ట్రైనింగ్ పెట్టారు. ఎవరిని పంపాలి? ఎదురు మాట్లాడని వాళ్ళని పంపాలి. నన్ను పంపరు కదా. మా వార్డు స్టాఫ్ నర్సు ప్రమీలను పంపారు. వైరా వైపు పిల్ల, నెమ్మదస్తురాలు, చెప్పిన పని చేస్తుంది, చెప్పని పని చచ్చినా చెయ్యదు.

తిరిగొచ్చింది. భుజాన మందుల కంపెనీ బొమ్మ ఉన్న బ్యాగు, చేతిలో సర్టిఫికెట్. ఏం నేర్పారే అని అడిగాను.

"బొమ్మలు చూపిచ్చిండ్రు సిస్టర్, గోడ మీద. ఇన్సులిన్ పుట్టే పాంక్రియాస్ ఎట్లుంటదో, దాంట్ల కణాలు ఎట్లుంటయో. నేను గీసి చూపిస్త చూడుర్రి" అంది ఉత్సాహంగా. గీసింది కూడా. చక్కగా గీసింది.

"మరి తిండి సంగతేం చెప్పిండ్రు?"

"తిండి మస్తు పెట్టిండ్రు సిస్టర్. మధ్యాహ్నం చికెన్ కూడ."

నేను రోగుల తిండి గురించి అడిగాను. ఆ పిల్ల తప్పు కాదు. అక్కడ ఎవరూ దాని గురించి మాట్లాడలేదు, కాబట్టి ఆమెకు గుర్తుండేది తన తిండే.

జోగమ్మ

ఆ వానాకాలమే జోగమ్మ వార్డులో చేరింది. కోయ గూడెం పిల్ల, పదిహేనో పదహారో ఉంటాయి. ఎండిపోయి, నాలుక పిడచ కట్టి, ఊపిరి బరువుగా తీస్తూ వచ్చింది. ఆ వయసు పిల్లలకు వచ్చే షుగర్ వేరు. ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారు కాదు, సూది లేకపోతే బతకరు. సూది తప్పితే చస్తుంది, సూది వేసి తిండి పెట్టకపోయినా చస్తుంది. తండ్రి ఎర్రయ్య తప్ప ఆమెకు ఎవరూ లేరు. నాలుగు రోజులు ఇన్సులిన్, సెలైన్ పెట్టాక లేచి కూర్చుంది. నవ్వితే చాలా బాగుండేది. కొత్తగా వచ్చిన ఆకలితో ఎప్పుడూ ఏదో ఒకటి అడిగేది. "షుగర్ పిల్లవు, ఊకె తింటే ఎట్ల" అని నర్సులు కసిరేవాళ్ళు.

ఒక పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి వార్డులో అరుపులు. జోగమ్మ మంచం మీద నుంచి దిగి, తడబడుతూ, పట్టుకోబోయిన ఆయాను తోసేసిందట. ఒళ్ళంతా చెమట, జాకెట్ తడిసి ముద్దయింది. ఏదో తన భాషలో అంటోంది, అదీ పూర్తిగా అనలేకపోతోంది. ఆయా, వార్డుబాయ్ కలిసి ఆమె చేతులు మంచానికి కడుతున్నారు. సూపరింటెండెంట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆడపిల్ల కూడా తాగేస్తుంటే ఏం చేస్తామమ్మా! తండ్రే పోసి ఉంటాడు. కట్టేసి ఉంచండి, దిగిపోయాక చూద్దాం" అన్నాడు.

ఎర్రయ్య వాకిట్లో రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. చేతులకు మసి. "మా పోరి తాగలే అయ్యా. పొద్దటి సంది ఆకలి ఆకలంటాంది. కట్టెలు తడిసినయ్, బువ్వ ఇంక ఉడకలే" అన్నాడు. ఆ ఒక్క వాక్యంలో రోగమంతా ఉంది. వినే చెవి లేదు.

సూది పడిందా అని, నాకంటే ముందే డ్యూటీలో ఉన్న ప్రమీలను అడిగాను. పడిందట, తెల్లవారగానే. రొట్టె వచ్చిందా? బస్సు రాలేదట.

"మరి చక్కెర నీళ్ళు తాపలేదేందే?"

ప్రమీల మొహం తెల్లగా పాలిపోయింది. "షుగర్ పేషెంట్ గద సిస్టర్... చక్కెర ఎట్ల ఇస్త? ఆర్డర్ గూడ లేదు."

పట్నం పోయి, బొమ్మలు చూసి, సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి ఆ మాట అంది. నాకు ఆ పిల్ల మీద కాదు కోపం వచ్చింది, ఆమెకు చికెన్ పెట్టి పంపిన వాళ్ళ మీద వచ్చింది.

గ్లూకోజ్ స్టోర్‌లో ఉంది. స్టోర్ తాళం ఫార్మసిస్టు దగ్గర ఉంది. ఫార్మసిస్టు ఇంకా ఇంటి దగ్గర ఉన్నాడు. డాక్టర్ల గదిలో సూపరింటెండెంట్ టీ కోసం చక్కెర సీసా ఉంటుందని నాకు తెలుసు. పరుగెత్తి తెచ్చి, గ్లాసులో సగం చక్కెర పోసి నీళ్ళు కలిపాను. జోగమ్మకు ఇంకా గుటక పడుతోంది, అది అదృష్టం. స్పృహ పూర్తిగా పోయి ఉంటే నోట్లో పోయకూడదు, నరానికి గ్లూకోజ్ ఎక్కించాలి, దానికి తాళం కావాలి. చెంచాతో కొంచెం కొంచెం తాగించాను.

"ఏవిటమ్మా, మతి పోయిందా? డయాబెటిక్‌కి పంచదారా?" అన్నాడాయన వెనక నుంచి.

నేను తిరిగి చూడలేదు. గ్లాసు ఖాళీ అయిన కాసేపటికి జోగమ్మ చెమట ఆరింది. కళ్ళు నిలిచాయి. కట్టిన చేతుల వైపు చూసుకుని, మా అందరి వైపు చూసి, తండ్రి కోసం వెతికింది. సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. ఆయా కట్లు విప్పింది. సూపరింటెండెంట్ "అయితే ఓకే" అని వెళ్ళిపోయాడు. ఇంత పెద్ద చదువుకు ఆ రెండు మాటలే మిగిలాయి.

పస్తు క్లాసు

తర్వాత వారం నాకు ఖమ్మం బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ చక్కెర నీళ్ళకూ దీనికీ సంబంధం లేదని సూపరింటెండెంట్ అన్నాడు, నేను నమ్మినట్టు తలూపాను. కానీ నాకు నిద్ర పట్టలేదు. జోగమ్మ ఇంకా వార్డులోనే ఉంది. ఎర్రయ్యకు సూది వెయ్యడం నేర్పుతున్నాను, అతనికి ఇంకా చెయ్యి తిరగలేదు, కొన్ని రోజులు పడుతుంది. నేను వెళ్ళిపోతే ఆ పిల్లను ఈ టైంకు సూది, ఆ టైంకు రొట్టె అనే మనుషుల చేతిలో పెట్టి పోవాలి.

సూది ట్రేను వార్డులో రొట్టెలు పంచే బండి మీద పెడదాం, కంచం చేతికి అందినవాళ్ళకే సూది, అని ఆర్డరు రాకముందే అడిగి చూశాను. నైట్ డ్యూటీ వాళ్ళు సంతోషించారు, పని తగ్గుతుంది కదా. డే డ్యూటీ వాళ్ళు మండిపడ్డారు, పని పెరుగుతుంది కదా. సూపరింటెండెంట్ "ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి" అన్నాడు. రోగి మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

అప్పుడే పైనుంచి ఎవరో తనిఖీకి వస్తారని, నర్సులకు రిఫ్రెషర్ క్లాసు జరిగినట్టు ఉండాలని ఆయనే నాకు పురమాయించాడు. జరిపాను. పొద్దున డ్యూటీకి వచ్చేవాళ్ళను, డ్యూటీ దిగేవాళ్ళను, అందరినీ టీ కూడా తాగకుండా రమ్మన్నాను. హోటల్ నుంచి వేడి వేడి పూరీలు, ఆలుగడ్డ కూర తెప్పించి బల్ల మీద పెట్టి మూత పెట్టాను. ఆ తర్వాత పాంక్రియాస్ బొమ్మ గీయమని ప్రమీలకు చాక్‌పీసు ఇచ్చాను. మళ్ళీ చెరిపించి మళ్ళీ గీయించాను.

కాసేపటికి ఒకామె ఆవలించింది. ఇంకొకామె పక్కామె మీద కసురుకుంది. "సిస్టర్, తల తిరుగుతాంది, చెప్పేదేందో జల్దీ చెప్పుర్రి" అని గట్టిగానే అన్నది మరొకామె. నేను మూత కొంచెం తీసి మళ్ళీ పెట్టాను. ప్రమీల చేతిలో చాక్‌పీసు వణుకుతోంది. "సిస్టర్, నా వల్ల కాదు" అని కూర్చుండిపోయింది, కళ్ళల్లో నీళ్ళు.

"నీకు నేనేమన్న సూది పొడిచిన్నా?" అన్నాను. "ఉత్తగ ఒక పూట నాష్తా ఆలస్యమైతే నీకు గిట్లున్నది. సూది పొడిపిచ్చుకుని కూసున్నదానికి ఎట్లుంటదో ఇప్పుడు చెప్పు."

అప్పటికే ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, సూపరింటెండెంట్ వచ్చాడు. "ఏవిటమ్మా ఇది, స్టాఫ్‌ని పస్తులుంచుతున్నారట?"

"పేషెంట్లను రోజూ ఉంచుతున్నం గద సార్. అప్పుడు మీరు అడగలే" అన్నాను.

ఆయన ఎర్రబడ్డాడు. పాఠం అంటే బోర్డు మీద చెప్పాలన్నాడు, ఇలాంటి వేషాలు ఏ సిలబస్‌లోనూ లేవన్నాడు. నిజమే, లేవు. నేను మూత తీసి అందరికీ పూరీలు వడ్డించాను. తింటున్నంతసేపు ఎవరూ నా మొహం చూడలేదు. ఎవరికి ఏం ఎక్కిందో నాకు తెలియలేదు. మర్నాడు ఎర్రయ్య భుజం తట్టి, జోగమ్మ తల నిమిరి, బస్సెక్కాను. ఇల్లందు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఖమ్మంలో

తర్వాత నేను ట్రైనింగులు చాలా చూశాను, చాలా ఇచ్చాను. సూది మారింది, గాజు సిరంజీ ఉడకబెట్టే బాధ పోయింది, వేలి మీద గుచ్చి షుగర్ చూసే మిషన్లు వచ్చాయి. ఉపన్యాసాలు మాత్రం మారలేదు. మీరు ఏ ట్రైనింగుకైనా వెళ్ళండి, వెళ్ళొద్దనను. చెప్పేవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: మా వార్డుకు తిండి ఎన్నింటికి వస్తుందో మీకు తెలుసా? తెలియదంటే నోట్సు రాసుకోవడం ఆపి కిటికీలోంచి చూడండి, ఏం నష్టం లేదు.

నేను బదిలీ అయిన ఆ ఏడాదే, వానలు వెనకబట్టాక ఖమ్మంలో జిల్లా నర్సులకు ఒకరోజు క్లాసు పెట్టారు. పొద్దున హాలు బయట టిఫిన్లు పెడుతుంటే ప్రమీల కనిపించింది. నన్ను చూసి ప్లేటు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. జోగమ్మ ఎట్లుందని అడగడానికి నాకు భయమేసింది. ప్రమీలే చెప్పింది.

"గోదారి పొంగి రోడ్డు తెగింది సిస్టర్, మీరు పోయిన పదిరోజులకే. బస్సు లేదు, రొట్టె లేదు. ఎర్రయ్య విత్తనాల పనికి గూడెం పోయి అటే ఇరుక్కుండు. నేను పొద్దుగాల డ్యూటీకి వచ్చేటాళ్ళకు నైట్ సిస్టర్ సిరంజీ నింపి పట్టుకున్నది. నేను గుంజుకున్న."

"నువ్వా?"

"అవ్. మస్తు లొల్లి చేసింది. టైం అయిపోయింది, సార్ తిడ్తడు అన్నది. తిట్టనీ అన్న. నా టిఫిన్ డబ్బల పెరుగన్నం ఉండె. మంచం పక్కన డబ్బ మూత తీసి పెట్టి, అన్నం కండ్ల ముందు ఉన్నంకనే సూది ఇచ్చిన. అరగంట ఆడనే కూసున్న, నా చేతితోటే తినిపిచ్చిన. రోడ్డు పడేదాంక మా ఇంట్లకెల్లి తెచ్చి పెట్టిన. ఇప్పుడు తనంతట తనే పొడుచుకుంటది సిస్టర్, ఎర్రయ్య కంటె మంచిగ. పోయిన నెల ఇంటికి పోయింది."

నా పాత గయ్యాళితనం ఎక్కడికి పోతుంది, "మరి ఆర్డరో?" అన్నాను.

"ఆర్డరా?" ప్రమీల నవ్వింది. "సార్ క్వార్టర్స్‌ల నాష్తా చేస్తున్నడన్నరు. సరే, ఆయన తినుడైనంక అడుగుదమనుకున్న. ఈలోపల ఈ పిల్ల గూడ తిన్నది."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దాచుకోలేదు కూడా. లోపలి నుంచి మైకులో అందరినీ జల్దీ వచ్చి కూర్చోమని పిలుస్తున్నారు, పెద్ద డాక్టరు గారి ఉపన్యాసం మొదలవుతుందట. ప్రమీల గాబరాగా లేవబోయింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆమె ప్లేటులో ఇంకా రెండు ఇడ్లీలు ఉన్నాయి.

"ముందు తిను" అన్నాను.